అమ్మమ్మ బైబిల్లోని ‘యెహోవా’ను మా పక్కింటావిడ ఎందుకు పలకరు?

తెనాలి_ఆడపడుచు

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదివి వెళ్లిపోవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడు అడగక తప్పట్లేదు.

మా అమ్మమ్మ పోయి రెండేళ్లయింది. ఆవిడ చదువుకున్న తెలుగు బైబిల్ నాతోపాటు న్యూజెర్సీ తెచ్చుకున్నాను. అట్ట ఊడిపోయింది. కీర్తనల దగ్గర కాగితం ముట్టుకుంటే పొడిలా రాలుతోంది. మా పక్కింట్లో డెబ్బై దాటిన యూదు ఆవిడ ఉంటారు, బడిలో పంతులమ్మగా చేసి రిటైరయ్యారు. మొన్న ఆదివారం టీకి వచ్చి బల్ల మీద ఈ పుస్తకం చూసి, మీ భాషలో ఎలా వినిపిస్తుందో ఒక్క ముక్క చదవమన్నారు. వాళ్లకి బాగా తెలిసిందే చదువుదామని ద్వితీయోపదేశకాండం 6:4 తీశాను. ‘ఇశ్రాయేలూ వినుము. మన దేవుడైన యెహోవా అద్వితీయుడగు యెహోవా.’

‘ఇశ్రాయేలు’ అనగానే ఆవిడ మొహం వెలిగిపోయింది. ‘యెహోవా’ అన్నప్పుడు మాత్రం తల దించుకున్నారు. కోపం కాదు, ఏదో ఇబ్బంది. కాసేపటికి మెల్లగా, “మేం ఆ పేరు పలకం. హషేమ్ అంటాం, ‘ఆ నామం’ అని దాని అర్థం” అన్నారు. వెళ్లేటప్పుడు చివికిపోయిన కాగితాలు నిమిరి, “మావాళ్లు ఇలాంటివి పారెయ్యరు, పాతిపెడతారు” అన్నారు.

ఆవిణ్ని గుచ్చిగుచ్చి అడగడానికి నాకు మొహమాటం. ఎందుకు పలకరు? పలకకపోతే మన బైబిల్లోకి ఈ మాట ఎలా వచ్చింది? పుస్తకాన్ని పాతిపెట్టడమేంటి? తెలిసినవాళ్లు చెప్పండి.

లిపిప్రియుడు

అమ్మా, మంచి ప్రశ్న. కొంచెం పొడుగ్గా చెప్పాలి.

హీబ్రూ కుడి నుంచి ఎడమకు రాస్తారు. పాత రాతలో ఉండేవి దాదాపు హల్లులే. మన గుణింతాలన్నీ తీసేసి క, మ, ల అని మూడు పొల్లులు రాస్తే అది ‘కమల’నా, ‘కోమల’నా, ‘కోమలి’నా అన్నది చదివేవాడు సందర్భాన్ని బట్టి తేల్చుకోవాలి గదా, అలాగన్నమాట. దేవుడి పేరు కూడా నాలుగు హల్లులే: యోద్, హే, వావ్, హే. హీబ్రూ లేఖనాల్లో ఈ నాలుగక్షరాల పేరు దాదాపు 6,800 సార్లు వస్తుంది.

యెరూషలేములో రెండో దేవాలయం ఉన్న రోజుల్లో ప్రాయశ్చిత్త దినాన, అంటే యోమ్ కిప్పూర్ నాడు, ప్రధాన యాజకుడు ఆ పేరును పైకి పలికేవాడని మిష్నా అనే పాత యూదు ధర్మగ్రంథంలో ఉంది. ఆవరణలో నిలబడ్డ యాజకులూ జనమూ అది వినగానే సాష్టాంగపడి, ‘ఆయన మహిమగల రాజ్యనామం యుగయుగాలు స్తుతింపబడును గాక’ అనేవారట. క్రీ.శ. 70లో రోమన్లు దేవాలయాన్ని కూల్చేశారు. పలికే చోటు పోయింది, పలికే మనిషి పోయాడు, దాంతో ఉచ్చారణే మరుగున పడిపోయింది. ఇప్పటికీ యూదులు మీరు చదివిన ఆ ‘ఇశ్రాయేలూ వినుము’ వాక్యం (వాళ్లు షెమా అంటారు) చెప్పగానే ఈ స్తుతివాక్యాన్ని గుసగుసగా అనుకుంటారు. ఏడాదిలో ఒక్క యోమ్ కిప్పూర్ నాడే గొంతెత్తి చెబుతారు. మీ పక్కింటావిడ తల దించుకున్నదాని వెనక ఇంత కథ ఉంది.

చదివేటప్పుడు ఆ నాలుగక్షరాలు కనబడితే ‘అదొనాయ్’, అంటే ‘నా ప్రభువు’, అని చదువుతారు. మామూలు మాటల్లోనైతే ‘హషేమ్’. రాసింది ఒకటి, చదివేది ఇంకొకటి. హీబ్రూలో ఈ పద్ధతికి ‘కెతీవ్–కెరే’ అని పేరే ఉంది. రాసినది కెతీవ్, చదవవలసినది కెరే.

క్రీ.శ. 7 నుంచి 10వ శతాబ్దం దాకా గలిలయ సముద్రం ఒడ్డున తిబెరియలో మసోరెతులనే పండితులు ఉండేవారు. హల్లుల్లో ఒక్కటి కూడా మార్చకుండా, పైనా కిందా చుక్కలూ గీతలూ పెట్టి అచ్చులు చూపించారు. ఈ నాలుగు హల్లుల దగ్గరికొచ్చేసరికి ‘అదొనాయ్’ అని చదవాలని గుర్తుచేయడానికి ఆ మాటలోని అచ్చులనే పెట్టారు. తర్వాత యూరప్ క్రైస్తవ పండితులు హల్లుల్నీ అచ్చుల్నీ కలిపి చదివేశారు. అలా పుట్టిన రూపమే యెహోవా. 1530లో అచ్చయిన, టిండేల్ అనే అనువాదకుడి ఇంగ్లీషు పంచకాండాల్లో అది కనబడుతుంది. మన తెలుగు అనువాదకులకూ ఆ దారినే వచ్చింది.

బాపట్ల_బీచ్

అయితే యెహోవా అనేది తప్పు పదమేగా! ఒక మాట హల్లులకి ఇంకో మాట అచ్చులు అతికిస్తే అది ఏ పేరూ కాదు. ఇన్ని తరాలుగా లేని పేరుతో పిలుస్తున్నామా? బైబిల్ సొసైటీ వాళ్లు ఇప్పటికైనా మార్చాలి.

సంఘగాయని

బాపట్ల గారూ, అంత తేలిగ్గా అనకండి. మా నాన్న ఆసుపత్రిలో ఆఖరి రాత్రి ‘యెహోవా నా కాపరి’ అని నాతో కలిసి చెబుతూ కన్నుమూశారు. అది లేని పేరని మీరంటే నాకు ఏం అనాలో తెలియట్లేదు. ఏ అచ్చు ఎక్కడిదో ఆయనకి తెలియదు. ఎవరిని పిలుస్తున్నారో మాత్రం ఆయనకి బాగా తెలుసు.

ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు చేతులెత్తి ‘యెహోవా నిన్ను ఆశీర్వదించి నిన్ను కాపాడును గాక’ అంటారు. అది వినకుండా నేను గుడి మెట్లు దిగను. చిన్నప్పట్నుంచీ అంతే.

శాసనప్రియ

గాయని గారూ, మీరు ఇప్పుడు చెప్పిన దీవెన గురించి ఒక సంగతి చెప్పాలి.

1979లో యెరూషలేము పక్కన కెతెఫ్ హిన్నోమ్ అనే చోట గబ్రియేల్ బర్కాయ్ అనే పురావస్తు శాస్త్రవేత్త పాత సమాధి గుహలు తవ్వించాడు. రెండు చిన్న వెండి రేకులు దొరికాయి. తాయెత్తులో పెట్టుకోవడానికి చుట్టచుట్టి ఉన్నాయి. పగలకుండా విప్పడానికే కొన్నేళ్లు పట్టింది. లోపల సన్నగా గీసి ఉన్నది మీరు ఆదివారం వింటున్న దీవెనే, సంఖ్యాకాండం 6వ అధ్యాయంలోది. ఆ నాలుగక్షరాల పేరూ ఉంది. సుమారు క్రీ.పూ. 600 నాటివి. బైబిల్ వాక్యాలున్న వాటిలో ఇప్పటిదాకా దొరికిన అతి పాత రాత అదే. ఎవరో మెడలో కట్టుకుని తిరిగి, దాంతోనే సమాధిలోకి వెళ్లిన మనిషి తాయెత్తు.

ఇంకో సంగతి. లాకీషు అనే పాత యూదా పట్టణంలో దొరికిన మట్టి పెంకుల మీద ఉత్తరాలున్నాయి. బబులోను సైన్యం యూదా మీద పడుతున్న రోజుల్లో, క్రీ.పూ. 6వ శతాబ్దం మొదట్లో, కింది అధికారి పై అధికారికి రాసినవి. ‘నా ప్రభువుకు యెహోవా క్షేమసమాచారం వినిపించు గాక’ అని మొదలవుతాయి. మనం ‘ఉభయకుశలోపరి’ అని మొదలుపెట్టినట్టు, సిరాతో, పెంకు మీద, మామూలు ఉత్తరంలో. అప్పట్లో ఆ పేరు నోటి నిండా పలికేవాళ్లన్నమాట. పలకకూడదనే కట్టుబాటు తర్వాత్తర్వాత, రెండో దేవాలయ కాలంలో గట్టిపడింది.

లిపిప్రియుడు గారికి చిన్న సవరణ. అదొనాయ్ అచ్చులు ఉన్నవి ఉన్నట్టు దించలేదు. అదొనాయ్ మొదట్లో ఉన్నది కంఠ్యాక్షరం కాబట్టి దాని కింద ‘అ’ ఛాయ ఉన్న గుర్తు పడుతుంది. యోద్ కంఠ్యం కాదు కాబట్టి దాని కింద మామూలు షెవా, అంటే పొట్టి ‘ఎ’లా పలికే గుర్తు, పెట్టారు. అందుకే యహోవా కాక యెహోవా అయింది. పైగా ఇప్పుడు పూర్తిగా మిగిలిన హీబ్రూ బైబిల్ రాతప్రతుల్లోకెల్లా పాతది, క్రీ.శ. 1008–09 నాటి లెనిన్‌గ్రాడ్ ప్రతిలో, చాలాచోట్ల ‘ఓ’ చుక్క కూడా ఉండదు.

లిపిప్రియుడు

సవరణ సరైనదేనండీ, కృతజ్ఞతలు. ‘ప్రభువగు యెహోవా’ అని యెహెజ్కేలులో పదేపదే వస్తుంది చూడండి. అక్కడ మూలంలో అదొనాయ్ పక్కనే ఆ నాలుగక్షరాలుంటాయి. రెండుసార్లు అదొనాయ్ అదొనాయ్ అనకుండా అక్కడ ‘ఎలోహీమ్’, అంటే దేవుడు, అని చదవమని వేరే అచ్చులు పెట్టారు. అంత జాగ్రత్త!

బాపట్ల గారూ, ఆ పేరు మన బైబిల్లో అచ్చంగా వినిపించే చోట్లు కూడా ఉన్నాయి, మనమే గమనించం. హల్లెలూయా అంటే ‘యాను స్తుతించండి’. యెషయా, యిర్మీయా, ఏలీయా... చివర్లో ఉన్న ‘యా’ ఆ నామపు పొట్టి రూపమే, హీబ్రూలో ‘యాహు’ అని సాగుతుంది. యెహోషాపాతు, యెహోయాదా అనే పేర్ల మొదట్లో ఉన్న ‘యెహో’ కూడా అదే. కాబట్టి ‘లేని పేరు’ అనడం పూర్తిగా నిజం కాదు. పండితులు చాలామంది అసలు ఉచ్చారణ ‘యాహ్వె’కు దగ్గరగా ఉండేదంటారు. పాత గ్రీకు రచయితలు తమ లిపిలో రాసుకున్న రూపాలు అందుకు ఒక ఆధారం.

నా మటుకు నేను గాయని గారి వైపే. ఒక మాట ఎలా పుట్టిందో తెలుసుకోవడం వేరు, దాన్ని జనం నోట్లోంచి లాగేయడం వేరు.

కృష్ణలంక_రాణి

నాకు చదువుతుంటే మా నాయనమ్మ గుర్తొచ్చింది. తాతయ్య పేరు వెంకటేశ్వర్లు. ఆవిడ జీవితంలో ఆ పేరు పలకలేదు. గుడికెళ్లినా ‘ఏడుకొండలవాడా’ అనేది గానీ వెంకటేశ్వరా అనేది కాదు. రేషన్ కార్డు దగ్గర ఇంటి యజమాని పేరడిగితే నన్ను ముందుకు తోసేది, నువ్వు చెప్పవే అని. పలకకపోవడంలో ఎంత దగ్గరతనం ఉంటుందో నాకు ఆవిణ్ని చూసే తెలిసింది. ఆ యూదు ఆవిడ తల దించుకున్నారంటే నా కళ్లకి మా నాయనమ్మే కనబడింది.

మరియాపురం

మేం కతోలికులం. మా పాత పాటల్లో, వాచకాల్లో ‘యావే’ అని ఉండేది. 2008లో వాటికన్ నుంచి ఉత్తరం వచ్చింది, పూజలో, పాటల్లో ఆ నామాన్ని పలకవద్దని, దాని బదులు ‘ప్రభువు’ అనాలని. యూదుల సంప్రదాయాన్నీ, మొదటి క్రైస్తవుల సంప్రదాయాన్నీ అందులో గుర్తుచేశారు. క్రీస్తుకు ముందే చేసిన గ్రీకు అనువాదం మనకు చేరిన చాలా ప్రతుల్లో ఆ పేరున్న చోట ‘కూరియోస్’, ప్రభువు, అని ఉంటుంది గదా.

అలవాటైన పాటలో మాట మార్చడం కష్టమే అయింది. కానీ మన పెద్దన్నలాంటి వాళ్లు నొచ్చుకునే మాటను మనం గట్టిగా పాడటమెందుకు అని ఫాదర్ ఒక ప్రసంగంలో అన్నారు. నాకు అది నచ్చింది.

ఘనపాఠశాల

నేను కృష్ణ యజుర్వేదం చదువుకుంటున్నవాణ్ని. ఈ చర్చకి సంబంధం ఉందో లేదో గానీ ఒక సందేహం. మాకు పుస్తకం చూసి చదివితే అది పాఠమే కాదు. ‘గీతీ శీఘ్రీ శిరఃకంపీ తథా లిఖితపాఠకః’ అని పాణినీయ శిక్షలో పాఠకాధములను చెబుతూ, రాసింది చూసి చదివేవాణ్ని కూడా వాళ్లలో చేర్చారు. అంతా గురుముఖతః రావాలి, కంఠంలో ఉండాలి. యూదులకి కూడా స్వరంతో చదివే పద్ధతి ఉందని విన్నాను. వాళ్లు కంఠస్థం చేస్తారా, చూసి చదువుతారా?

లిపిప్రియుడు

బాబూ, నీ ప్రశ్నే ఈ చర్చలో నాకు అన్నిటికంటే నచ్చింది. సరిగ్గా తలకిందులు! మీకు చూసి చదవడం దోషం. వాళ్లకి చూడకుండా చదవడం దోషం.

సమాజమందిరంలో తోరా, అంటే మోషే ఐదు కాండాలు, చుట్ట నుంచే చదవాలి. చదివేవాడికి మొత్తం నోటికి వచ్చినా సరే, కళ్లు అక్షరం మీద ఉండాల్సిందే. రాతగా ఇచ్చినదాన్ని నోటికి చెప్పకూడదని తల్మూదు అనే వాళ్ల ధర్మగ్రంథం మాట. చేత్తో తోలును తాకకూడదు కాబట్టి ‘యాద్’ అనే చిన్న పుల్లతో, చివర్న వేలు చూపుతున్న చెయ్యి ఆకారం ఉంటుంది, వరస వెంట జరుపుకుంటూ పోతారు.

ఇక చిత్రమేమిటంటే, ఆ చుట్టలో అచ్చులు ఉండవు. స్వరచిహ్నాలూ ఉండవు. మసోరెతులు అన్ని గుర్తులు కనిపెట్టినా, మందిరంలో చదివే చుట్టలోకి వాటిని రానివ్వలేదు. ఉత్త హల్లులే. కాబట్టి అచ్చులూ స్వరమూ ముందే కంఠంలో ఉండాలి, హల్లు కంటి ముందుండాలి. పక్కన ఒకరు అచ్చులున్న పుస్తకం పట్టుకుని నిలబడి, తప్పు దొర్లితే ఆపి దిద్దుతారు. మీ ఉదాత్త, అనుదాత్త, స్వరితాల్లాగే వాళ్లకీ ‘తెఆమీమ్’ అని గుర్తులున్నాయి. అవి రాగాన్నే కాదు, వాక్యంలో ఎక్కడ ఆగాలో, ఏ మాట దేనితో కలవాలో కూడా చెబుతాయి. పన్నెండు పదమూడేళ్ల పిల్లలు బార్ మిత్స్వా (పెద్దవాళ్ల లెక్కలోకి వచ్చే వేడుక) కోసం నెలల తరబడి సాధన చేసేది చాలామటుకు ఇదే.

ఘనపాఠశాల

ధన్యవాదాలండీ. అయితే రాసేవాడు తప్పు రాస్తే?

లిపిప్రియుడు

రాసేవాణ్ని ‘సోఫేర్’ అంటారు. తినదగినదని ధర్మశాస్త్రం ఒప్పుకున్న జంతువు తోలు, పక్షి ఈక కలం, మాచికాయతో కాచిన సిరా. చుట్టలో 304,805 అక్షరాలు. పూర్తవడానికి ఏడాది అటూ ఇటూ పడుతుంది. ఒక్క అక్షరం తగ్గినా, విరిగినా, పక్క అక్షరాన్ని తాకినా దిద్దేదాకా ఆ చుట్ట చదవడానికి పనికిరాదు. మామూలు తప్పయితే సిరా ఆరాక గీకి దిద్దుతారు.

నామం మటుకు గీకకూడదు. నాలుగక్షరాలు రాసేముందు ప్రతిసారీ, ఆ నామపు పవిత్రత కోసం రాస్తున్నానని సోఫేర్ పైకి చెప్పుకోవాలి. మొదలుపెట్టాక రాజే వచ్చి పలకరించినా తలెత్తకూడదు. ఆ పేరు రాయడంలో దిద్దరాని తప్పొస్తే ఆ తోలుముక్క మొత్తం పక్కన పెట్టి, వేరే ముక్క మీద మళ్లీ రాయాలి.

ఈ జాగ్రత్త లెక్కల్లోకి కూడా పాకింది. హీబ్రూలో అక్షరాలే అంకెలు, మన కటపయాదిలాగా. యోద్ 10, హే 5. కాబట్టి 15 అంటే యోద్–హే అని రాయాలి. కానీ అది ‘యా’ అవుతుంది గదా! అందుకని 9, 6 కలిపి తేత్–వావ్ అని రాస్తారు. 16కీ అంతే, 9, 7. షెవాత్ నెల 15న వచ్చే చెట్ల పండగకి ‘తు బిష్వాత్’ అని పేరు అందుకే వచ్చింది, ఆ ‘తు’ అంటే తేత్–వావ్.

శాసనప్రియ

ఈ జాగ్రత్త చాలా పాతది. 1947 నుంచి మృతసముద్రం ఒడ్డున కుమ్రాన్ గుహల్లో దొరికిన చుట్టల్లో కొన్ని ఉన్నాయి, మిగతా అంతా అప్పటి వాడుక లిపిలో రాసి, ఈ పేరు వచ్చిన చోట మాత్రం ఆనాటికే పాతబడిన పురాతన హీబ్రూ లిపిలో రాశారు. మన పుస్తకంలో మధ్యలో ఒక్క మాట బ్రాహ్మీలో రాసినట్టు ఊహించుకోండి. చదువుకుంటూ పోయే కన్ను అక్కడ ఆగాలి. 7 మీటర్ల పైన పొడుగున్న పెద్ద యెషయా చుట్టలో పేరు మామూలు లిపిలోనే ఉంది గానీ, 40వ అధ్యాయంలో తర్వాతి చెయ్యి దిద్దిన ఒకచోట పేరు బదులు నాలుగు చుక్కలు పెట్టి వదిలేశారు.

పాతకాగితం

తెనాలి అమ్మాయి రెండో ప్రశ్న ఎవరూ పట్టించుకోలేదు. నేను గ్రంథాలయంలో పాత పుస్తకాల మరమ్మతు చేసినవాణ్ని, అది నా వంతు.

పాతిపెట్టడం నిజమే. నామమున్న రాతను చెరపకూడదు, కాల్చకూడదు, చెత్తలో వెయ్యకూడదు. అరిగిపోయిన వాటిని ‘గెనిజా’ అనే గదిలో దాచి, తర్వాత శ్మశానంలో పూడుస్తారు, మనిషిని సాగనంపినట్టే. పాత కైరోలోని బెన్ ఎజ్రా మందిరం వాళ్లు మాత్రం వందల ఏళ్లు గదిలో వేస్తూనే పోయారు, పూడ్చడం జరగలేదు. ఈజిప్టు పొడి గాలికి అవి చివకలేదు. 1896–97లో సాలమన్ షెక్టర్ అనే పండితుడు అక్కడికెళ్లి 1,90,000 పైచిలుకు ముక్కలు కేంబ్రిడ్జికి తెచ్చాడు. లేఖనాలే కాదు, పెళ్లి ఒప్పందాలు, అప్పుపత్రాలు, పిల్లలు దిద్దిన అక్షరాలు కూడా. 12వ శతాబ్దంలో మంగళూరులో ఉండి కంచు సామాను చేయించిన అబ్రాహాం బెన్ యిజు అనే యూదు వర్తకుడి ఉత్తరాలు మనకి తెలిసింది ఆ గది వల్లనే. పారెయ్యకూడదనే ఒక్క నియమం మన పడమటి తీరం చరిత్రలో ఒక ముక్కను కాపాడింది!

అమ్మాయ్, ఆ నియమం ముఖ్యంగా హీబ్రూ అక్షరాల్లో రాసిన నామానికి. తెలుగు అచ్చు పుస్తకాన్ని పాతిపెట్టమని ఆవిడ నీకు చెప్పడం లేదు, ప్రేమ కొద్దీ తన ఇంటి సంగతి చెప్పారు. అమ్మమ్మ పుస్తకం ఇంకా బతుకుతుంది. సెల్లోటేపు మాత్రం వెయ్యొద్దు, జిగురు పసుపెక్కి కాగితాన్ని తినేస్తుంది. రాలుతున్న పేజీల్ని పలచటి జపాన్ కాగితంతో, గోధుమపిండి జిగురుతో అతికించే బైండర్లు అక్కడ దొరుకుతారు. అందాకా ఉతికిన నూలుగుడ్డలో చుట్టి, ఎండా తేమా తగలనిచోట బల్లపరుపుగా పెట్టు. నిలబెట్టొద్దు.

చేబ్రోలు_దారి

ఇంత చర్చ జరుగుతోంది గానీ తెలుగు మాట్లాడుతూ యూదు ధర్మం పాటించేవాళ్లు మన గుంటూరు జిల్లాలోనే ఉన్నారని ఎవరూ అనలేదే! చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బ్నే ఎఫ్రాయిమ్ అని చిన్న సమాజం ఉంది. తాము ఎఫ్రాయిము గోత్రం వాళ్లమని చెప్పుకుంటారు. వాళ్లకో మందిరం ఉంది, శనివారం విశ్రాంతిదినం పాటిస్తారు, హీబ్రూ నేర్చుకుంటారు. చాలామంది కూలికి వెళ్లే కుటుంబాలవాళ్లు. వాళ్ల వాదన నిజమా కాదా అని బయటివాళ్లు తేల్చేస్తుంటారు. నాకు మాత్రం శనివారం పనికి రామని చెప్పి ఆ రోజు కూలి వదులుకునే మనిషి నమ్మకం తక్కువదిగా కనబడదు.

కొంకణ తీరంలో బెనె ఇజ్రాయెల్ వాళ్లకి ‘శనివార్ తేలీ’ అనే పేరు కూడా ఇలాగే వచ్చింది. గానుగ ఆడించుకుని బతికేవాళ్లు శనివారం గానుగ ఆపేసేవారు. బయటి యూదులతో సంబంధాలు తెగిపోయి, హీబ్రూ దాదాపు మరిచిపోయినా, వాళ్ల నోట్లో నిలిచిన ప్రార్థన ఒక్కటే. షెమా. తెనాలి అమ్మాయి ఆవిడకి చదివి వినిపించిన వాక్యమే.

బాపట్ల_బీచ్

గాయని గారూ, మొదట్లో నేను దురుసుగా అన్నాను. మీ నాన్నగారి సంగతి తెలిసి ఉంటే అలా రాసేవాణ్ని కాదు. మన్నించండి. మార్చాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. పుస్తకం అడుగున ఈ పేరు సంగతి నాలుగు వాక్యాల్లో వివరిస్తే బాగుంటుందన్నది మాత్రం ఇప్పటికీ నా కోరిక.

సంఘగాయని

అయ్యో, మన్నింపులెందుకండీ. ఆ నాలుగు వాక్యాలు నాకూ కావాలి. వెండిరేకు సంగతి మా పాస్టరుగారికి చెప్పాను, ఆయనకీ తెలియదట. వచ్చే ఆదివారం దీవెన ముందు చెబుతానన్నారు.

తెనాలి_ఆడపడుచు

అందరికీ దండాలు. పది రోజులు పట్టింది తిరిగి రాయడానికి.

పాతకాగితం గారూ, టేపు అప్పటికే రెండు పేజీలకి వేసేశాను, బైండరు జాగ్రత్తగా తీస్తానన్నాడు. మిగతాది అమ్మమ్మ చీరముక్కలో చుట్టి పెట్టాను.

ఇంకో సంగతి చెప్పడానికి వచ్చాను. 119వ కీర్తనలో మధ్యమధ్య ఆలెఫ్, బేత్, గీమెల్ అని ఉంటాయి గదా. అమ్మమ్మ వాటిని కూడా వదలకుండా చదివేది, ఎవరో భక్తుల పేర్లనుకునేది. మొన్న ఆదివారం పక్కింటావిడ వచ్చినప్పుడు అది తీశాను. నేను ‘ఆలెఫ్’ అనగానే ఆవిడ కుర్చీలోంచి ముందుకు వంగారు. అవి అక్షరాలట! ఇరవై రెండు అక్షరాలకీ ఎనిమిదేసి వచనాలు, మొత్తం 176. ఆలెఫ్ కింద ఉన్న ఎనిమిదీ హీబ్రూలో ఆలెఫ్‌తోనే మొదలవుతాయట. మొదటి వచనం ఆవిడ నోటికి చెప్పారు, ‘అష్రే’ అని మొదలైంది, అంటే ధన్యులు. మన తెలుగులో ‘ధన్యులు’ వాక్యం చివరికి వెళ్లిపోయింది. మన వాక్యం నడక అదీ, ఏం చేస్తాం. అక్షరం పోయినా దాని పేరు మాత్రం మనవాళ్లు అచ్చులో ఉంచారు, అమ్మమ్మ నోట్లోనూ ఉంచింది.

ఆ మొదటి వచనంలోనే ‘యెహోవా’ ఉంది. ఆవిడ ముందు నేను ‘ప్రభువు’ అని చదివాను. ఆవిడ గమనించారు, నా చెయ్యి నొక్కారు, ఏమీ అనలేదు. రాత్రి పిల్లలతో ప్రార్థనలో మాత్రం అమ్మమ్మ ఎలా చదివేదో అలాగే చదివాను. ఒకే పేజీ, రెండు రకాలుగా. లిపిప్రియుడు గారు చెప్పిన కెతీవ్–కెరే మా ఇంట్లో కూడా మొదలైనట్టుంది.

ఇప్పుడు ప్రతి ఆదివారం నేనొక అక్షరం తెలుగులో చదువుతాను, ఆవిడ అదే అక్షరం హీబ్రూలో చెబుతారు. మా చిన్నది కాగితం మీద కుడి నుంచి ఎడమకు రాయడం నేర్చుకుంటోంది. నిన్నటితో బేత్ అయింది.